అర అడుగు ముందు

ఆ రోజు ఇంట్లో మేస్త్రి ఉంది, మేస్త్రి తల్లి ఉంది, రాత్రి డ్యూటీ దిగి వచ్చి ముసుగుతన్ని పడుకున్న అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, వదిన ఒళ్ళో పాలు తాగుతూ ఓరకంట అందరినీ కనిపెడుతున్న పసిపిల్ల ఉంది. పక్కవాటా కుట్టుపనావిడ కూడా ఉంది గానీ ఆవిణ్ణి విడిగా చెప్పుకోనక్కర్లేదు, ఆవిడ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కొంగ తలుపు నెట్టుకుని లోపలికి వచ్చేసరికి అందరూ మేస్త్రి బూట్ల గురించి మాట్లాడుకుంటున్నారు.

"కొత్తవి కొనుక్కోవే అంటే వినదు. అడుగు ఎలా అరిగిపోయిందో చూడమ్మాయీ" అంది తల్లి.

"కొత్త బూట్లు, కొత్త కోడలు వచ్చిన రోజే మాట వినవమ్మా" అంది మేస్త్రి.

"వినపడుతోంది" అంది వదిన.

"వినపడాలనే అన్నాను వదినా."

కొంగ నవ్వుతూ గుమ్మం పక్కన సంచి దించింది. అవి వాళ్ళ అసలు పేర్లు కావు. ఇద్దరూ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతారు. మేస్త్రికి పుట్టినప్పటినుంచీ చూపు లేదు. అయినా మడతల గదిలో పెత్తనమంతా ఆమెదే. తడి ఆరని దుప్పటి వేళ్ళకు తగిలితే చాలు, మళ్ళీ ఆరబెట్టమని వెనక్కి విసిరేస్తుంది. అందుకని మేస్త్రి. కొంగకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమె కాళ్ళు చూస్తే ఎవరైనా చెప్పగలరు.

పొద్దున్నే, పని మొదలవకముందు ఇద్దరూ కలిసి పరిగెడతారు. మధ్యలో మూరెడు గుడ్డ తాడు. ఒక చివర ఉచ్చు మేస్త్రి ఎడమ చేతికి, రెండో ఉచ్చు కొంగ కుడి చేతికి. పాత పరుపు గుడ్డ చించి ఆ తాడు పేనింది కుట్టుపనావిడే. చూపులేని వాళ్ళ పక్కన ఇలా పరిగెత్తే మనిషిని పోటీల్లో తోడు అంటారు. రెండేళ్ళుగా మేస్త్రికి కొంగే తోడు. ఎక్కడ పోటీ ఉందని తెలిసినా సెలవు దొరికితే చాలు, ఇద్దరూ రైలెక్కేస్తారు.

ఈసారి పోటీ వేరు. మొదటి ముగ్గురిని సముద్రం అవతల జరిగే పెద్ద పోటీకి పంపుతామన్నారు. పోయిన ఏడు మేస్త్రి నాలుగోదిగా వచ్చి, ఇంటికొచ్చాక కూడా బూట్లు విప్పకుండా చాలాసేపు అరుగు మీద కూర్చుంది.

"మూడోది వచ్చినా చాలు తల్లీ" అంది తల్లి. కూతురితో కాదు, కొంగతో. "దాన్ని నీ చేతిలో పెడుతున్నాను."

"నేనేమన్నా పాలగిన్నెనా అమ్మా, చేతిలో పెట్టడానికి" అంది మేస్త్రి.

"పాలగిన్నెకి ఇంత నోరుండదు" అన్నాడు ముసుగులోంచి అన్నయ్య.

రైల్లో మేస్త్రిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది కొంగ. ఎందుకని ఎవరూ అడగరు, అది వాళ్ళ అలవాటు. గాలి మేస్త్రిది, చూడటం కొంగది.

"చెప్పవే, ఏం పోతోంది?"

"పొలం పోతోంది. ఇటుకల బట్టీ. దాని పక్కన మనుషులు భోజనాలు చేస్తున్నారు. ఒక పెద్దాయన గొడుగేసుకుని గాడిదెక్కి పోతున్నాడు."

"గాడిదమీద గొడుగా?"

"గొడుగు అబద్ధం."

"గాడిద?"

"గాడిద ఉంది. పెద్దాయన దాని పక్కన నడుస్తున్నాడు."

మేస్త్రి పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. కొంగ ఎప్పుడూ ఇంతే. కొంచెం ఉప్పూ కారం వేస్తుంది, అడగ్గానే తీసేస్తుంది. అందుకే ఎదుటి బల్ల మీద కూర్చున్న ముసలాయన కూడా కాసేపటికి కిటికీ వైపు చూడటం మానేసి కొంగ చెప్పేదే వినసాగాడు.

పోటీ జరిగే ఊళ్ళో ఒక బడిలో బస ఇచ్చారు. కొంగ మేస్త్రి చెయ్యి పట్టుకుని గదంతా తిప్పింది. మంచం, కిటికీ, నీళ్ళ కుండ, బయట స్నానాల గది, దాని ముందు ఎత్తు గడప. సాయంత్రం ఇద్దరూ పరుగు ముగిసే చోటికి నడిచి వెళ్ళారు. పనివాళ్ళు అప్పుడే రోడ్డుకి అడ్డంగా తెల్లగీత గీసి, ఆరేదాకా ఎవరూ తొక్కకుండా ఇటుకలు పేర్చారు. రంగు ఆరిందని వాళ్ళు చెప్పాక మేస్త్రి రోడ్డు మీద చతికిలబడి అరచేత్తో గీతను ఆ చివరినుంచి ఈ చివరిదాకా తడిమింది.

"ఇంతేనా? ఇంత సన్నగా ఉందేమే."

"నీకు కోటగోడ కట్టమంటావా?"

"సముద్రం దాటించే గీత కదా, కాస్త లావుగా ఉంటుందనుకున్నాను."

తర్వాత అందరినీ హాల్లో కూర్చోబెట్టి రిఫరీ నియమాలు చదివాడు. తాడు వదలకూడదు. తోడు మనిషి ముందుండి లాగకూడదు. చివరి గీతను తోడు మనిషి ముందుగా దాటితే ఆ పరుగు చెల్లదు. కొంగ ఆ మాటలు ఎన్నిసార్లు విందో. ఆయన చదువుతున్నంతసేపూ ఆమె పక్క జంటల కాళ్ళు చూస్తూ కూర్చుంది. ఎర్రటోపీ పెట్టుకున్న ఒక సన్నపాటి అమ్మాయి, ఆమెకు తోడుగా వచ్చిన ఆమె భర్త. వాళ్ళ పిక్కలు చూసి కొంగకు గుండె కొంచెం జారింది. ఆ మాట మేస్త్రికి చెప్పింది కూడా.

"జారనీ. కింద పడకుండా పట్టుకో" అంది మేస్త్రి.

పొద్దున చల్లగా ఉంది. పరుగు మొదలైన దగ్గర్నుంచీ కొంగ నోరు మూతపడలేదు. "ఎడమకి వంపు. చిన్న మిట్ట. దిగుతున్నాం. కుడిపక్క నీళ్ళ బల్ల, కావాలా? వద్దా, సరే. ముందు గుంత, నావైపు జరుగు. బాగుంది." మాటకీ మాటకీ మధ్య రెండు జతల బూట్ల చప్పుడు ఒక్కటిగా వినపడాలి. వేరువేరుగా వినపడిందంటే ఎవరో ఒకరు తప్పారన్నమాట. ఆ రోజు చాలా దూరం ఒక్కటిగానే వినపడింది.

సగం దాటాక మేస్త్రి మాట్లాడటం మానేసింది. ఊపిరి బరువెక్కితే ఆమె మాట్లాడదు, తాడు పట్టుకున్న చేతి బొటనవేలితో గుడ్డను రుద్దుతుంది. కొంగకు ఆ రుద్దడం తెలుస్తూనే ఉంది.

"ముందు ఇద్దరే ఉన్నారు. మనం మూడు. వినపడుతోందా? మూడు."

బొటనవేలు ఒకసారి గట్టిగా నొక్కింది.

చివరి మలుపు తిరిగాక కొంగ వెనక నుంచి అడుగులు విన్నది. తిరిగి చూడకూడదని తెలిసీ చూసింది. ఎర్రటోపీ. అడుగడుగుకీ దగ్గరవుతోంది. గీత కనిపిస్తోంది, దాని పక్కన జనం, జనం చేతుల్లో రేకు డబ్బాల మోత. "ఇప్పుడే మేస్త్రీ. ఉన్నదంతా తియ్యి" అంది కొంగ. మేస్త్రి తీసింది. ఎక్కడ దాచిందో అంత వేగం, తీసింది. ఎర్రటోపీ కుడిపక్కకి వచ్చేసింది. భుజం భుజం పక్కన పడింది.

బళ్ళో చదివేటప్పుడు డ్రిల్లు మాస్టారు ఒక మాట పదేపదే చెప్పేవాడు. గీత దగ్గర కాళ్ళని నమ్మకు, ఛాతీ ముందుకు పడెయ్. కొంగ చిన్నప్పటినుంచీ ఎన్ని పోటీల్లో పరిగెత్తిందో అన్నిట్లోనూ అలాగే పడేసింది. ఇప్పుడూ గీత రాగానే ఆమె ఒళ్ళు ఆమెను అడగలేదు. చేతులు వెనక్కి, ఛాతీ ముందుకి. మరుక్షణం ఇద్దరూ గీతకి అవతల ఉన్నారు. ఎర్రటోపీ వెనకబడిపోయింది.

మేస్త్రి ఆగలేక మోకాళ్ళ మీద కూలబడి, "ఎన్నోది?" అంది.

"మూడు" అంది కొంగ. ఆమెను లేపి, రొప్పుతూనే కావలించుకుంది. ఎవరో నీళ్ళు ఇచ్చారు. ఎర్రటోపీ అమ్మాయి భర్త చెయ్యి పట్టుకుని వచ్చి మేస్త్రి భుజం తట్టి వెళ్ళింది. ఆమెను కూర్చోబెట్టి భర్త రిఫరీ దగ్గరికి వెళ్ళాడు. కొంగ అది చూసింది.

రిఫరీ మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. "ఫలితం కొట్టేస్తున్నామమ్మా. మీ తోడు మీకంటే ముందు గీత దాటారు" అన్నాడు.

మేస్త్రి మొహం కొంగ వైపు తిప్పింది. "దాటావా?"

"లేదు" అంది కొంగ.

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. చెయ్యి కాలితే చెయ్యి ఎలా వెనక్కి వస్తుందో అలా వచ్చింది. వచ్చాక, దాన్ని మళ్ళీ లోపలికి లాక్కోవడం ఎలాగో తెలియలేదు.

"లేదంటోంది కదండీ. మేం ఒప్పుకోం" అంది మేస్త్రి.

ఒప్పుకోకపోతే పై పెద్దల్ని అడగొచ్చన్నారు. వాళ్ళు బడి ఆఫీసు గదిలో కూర్చుని ఉన్నారు. కళ్ళజోడు పెద్దాయన ఒకరు, కంప్యూటరు ముందు ఒకావిడ, గోడ దగ్గర రిఫరీ. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. గీత దగ్గర కెమెరా తీసిన ఫోటోని కాగితం మీద అచ్చు తీసి ఉంచారు. కళ్ళజోడు పెద్దాయన ఆ కాగితాన్ని బల్ల మీద జరిపాడు. మేస్త్రి ముందుకు కాదు, కొంగ ముందుకు.

"మీరే చూసి ఆవిడకు చెప్పండి" అన్నాడు.

కొంగ చూసింది. ఫోటో తేటనీళ్ళలా ఉంది. తెల్లగీత, గీతకి ఇవతల మేస్త్రి, పళ్ళన్నీ కనిపించేలా నోరు తెరుచుకుని నవ్వుతున్న మేస్త్రి. గీతకి అవతల, అర అడుగు ముందు, తను.

"ఎలా ఉందే?" అంది మేస్త్రి.

"మసకగా ఉంది. ఏమీ తెలియట్లేదు."

కంప్యూటరావిడ తలెత్తి చూసింది. పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "మసకేం లేదమ్మా" అన్నాడు మేస్త్రితో. "తప్పు మీది కాదు. మాకూ బాధగానే ఉంది. కానీ ఆవిడ అర అడుగు ముందున్నారు."

"ఈవిడ లేదంటోంది. మీరు అవునంటున్నారు. నేనెవరి మాట తీసుకోవాలి?"

"ముగ్గురం చూశామమ్మా."

"ముగ్గురూ ఒకే అబద్ధం ఆడకూడదని ఉందా?"

గదిలో గాలి బిగుసుకుంది. రిఫరీ గోడ దగ్గర్నుంచి కదిలాడు. పెద్దాయన గొంతు మారింది. మమ్మల్ని అబద్ధాలకోరులంటారా, క్షమాపణ చెప్పి వెళ్ళండి, లేకపోతే వచ్చే ఏడు పోటీకి మీ పేరు తీసుకోం అన్నాడు.

మేస్త్రి బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. "అబద్ధం ఆడినవాళ్ళు చెప్పాలండీ క్షమాపణ" అంది. ఆ మాట నెమ్మదిగా అంది. అని, ఆగింది.

ఫ్యాను తిరుగుతూనే ఉంది. కొంగ బల్ల మీదున్న కాగితాన్ని చూస్తూ నిలబడింది. ఇప్పుడు నిజం చెప్తే మేస్త్రి పరువు పోతుంది అనుకుంది. బయటికి వెళ్ళాక చెప్తాను అనుకుంది. ఆ రెండూ నిజం కాదని ఆమెకే తెలుసు.

చాలాసేపటికి మేస్త్రి బల్ల వదిలేసి చెయ్యి చాపింది. "పద" అంది.

మధ్యాహ్నం రైల్లో రద్దీ లేదు. కొంగ ఎప్పట్లాగే మేస్త్రిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది. మేస్త్రి ఏం పోతోందని అడగలేదు. కొంగ తనంతట తానే చెప్పబోయి, మానుకుని, అరటిపండు ఒలిచి ఆమె చేతిలో పెట్టింది.

పండు తిన్నాక మేస్త్రి తొక్కను మడతపెడుతూ, "ఆ ఫోటోలో నేనెలా ఉన్నానే?" అంది. గొంతులో కోపం లేదు. "నన్ను ఎవరూ ఫోటో తియ్యరు కదా. తీసినా నాకెందుకని చెప్పరు."

"బాగున్నావు" అంది కొంగ. ఏదో ఒక మంచి మాట చెప్పే వీలు దొరికినందుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. "నవ్వుతున్నావు. పళ్ళన్నీ కనపడుతున్నాయి. జడ ఇలా గాల్లో లేచింది."

"అలాగా" అంది మేస్త్రి.

ఆ తర్వాత మొహం కిటికీ వైపు తిప్పుకుంది. స్టేషను ఒకటి వచ్చింది, పోయింది. టీ అమ్మేవాడు వచ్చి వెళ్ళాడు. అప్పుడు తెలిసింది కొంగకు తనేం అన్నదో. మసకగా ఉందన్న ఫోటోలో పళ్ళు లెక్కపెట్టి చెప్పింది. పక్కకి చూసింది. మేస్త్రి నిద్రపోవడం లేదు. బొటనవేలితో చీర కొంగు అంచు రుద్దుతోంది. ఇప్పుడు చెప్పాలి. స్టేషను దాటాక చెప్దామనుకుంది. వంతెన దాటాక చెప్దామనుకుంది. ఊరొచ్చేసింది.

ఇంటి దగ్గర అందరూ గుమ్మంలోనే ఉన్నారు. మొహాలు చూసి తల్లి ఏమీ అడగలేదు. వదినే, "ఏమైంది?" అంది.

"మూడోదే వచ్చాం. రిఫరీ తప్పు చూశాడు" అంది మేస్త్రి.

కొంగ సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"వాడి కళ్ళు కాకులు పొడవ" అంది కుట్టుపనావిడ. ఇక మొదలుపెట్టి, ఆ రిఫరీని, అతని ముందు తరాలని, వెనక తరాలని ఎవరినీ వదల్లేదు. అన్నయ్య ఉత్తరం రాద్దామన్నాడు. తల్లి కొంగను పీట మీద కూర్చోబెట్టి, చుట్టాలొస్తే తీసే గాజు గ్లాసులో టీ పోసి ఇచ్చింది. "నువ్వేం చేస్తావమ్మాయీ, నీ చేతుల్లో ఏముంది. చూడు, ఎలా వాడిపోయావో" అంది. తేలు కుట్టిన దొంగలా కొంగ ఆ టీ తాగింది. మేస్త్రి లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినపడుతోంది. చాలాసేపు కడుక్కుంది.

మర్నాడు లాండ్రీలో ఎప్పటి పనే ఉంది. వేడి రోలరు కిందనుంచి దుప్పట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి బల్ల మీద పడుతున్నాయి. దుప్పటి మడత ఇద్దరి పని. చెరో రెండు కొసలు పట్టుకుని వెనక్కి జరిగి ఒక్క విదిలింపు విదిలించాలి. గుడ్డ చెళ్ళుమనాలి. పొడుగ్గా సగానికి మడిచి, ఒకరివైపు ఒకరు నడిచి వచ్చి, కొసలు అందించాలి. అందించినప్పుడు వేళ్ళు తగులుతాయి. రోజూ ఆ వేళ్ళు తగిలినప్పుడల్లా మేస్త్రి ఏదో ఒకటి అనేది. వార్డు నర్సు గురించి, వదిన కూర గురించి, సూపరింటెండెంటు దగ్గు గురించి. ఆ రోజు వేళ్ళు తగిలాయి, కొసలు మారాయి, అంతే. మడతలు మాత్రం ఒక్కటి వంకర పోలేదు.

"పాపం కొంగ, దానికి నిద్ర లేనట్టుంది" అంది రోలరు దగ్గరి ఆవిడ. "అంత దూరం తీసుకెళ్ళి, తీసుకొచ్చి. ఆ మాయదారి రిఫరీకి ఉసురు తగలకపోదు."

"ఉసురు మాటెందుకులే అక్కా" అంది మేస్త్రి. "ఇదిగో, ఇది తడిగా ఉంది. వెనక్కి పంపు."

పని అయ్యాక కొంగ ఎప్పట్లాగే గేటు దగ్గర మోచెయ్యి అందించింది. మేస్త్రి సంచిలోంచి చేతికర్ర తీసి విప్పింది. ఆ కర్ర ఆమె దగ్గర ఉందనే కొంగకు గుర్తులేదు.

"నేను వెళ్తాను" అంది మేస్త్రి.

కర్ర టకటకలాడించుకుంటూ గోడవారగా నడిచింది. కొంగ వెనకే నడిచింది. కూరగాయల బళ్ళ మధ్యనుంచి, సైకిలు షాపు ముందునుంచి. ఒకచోట ఎవరో బస్తా అడ్డం పెడితే కొంగ నోటిదాకా వచ్చింది, ముందు బస్తా అని. ఈలోగా కర్ర దాన్ని తాకింది, మేస్త్రి పక్కకి తప్పుకుంది. వెనక వస్తున్నది ఎవరో ఆమెకు అడుగుల్ని బట్టి తెలుసు. తిరగలేదు, ఆగమనలేదు.

ఇంటి మెట్లెక్కి, తలుపు తీసి, లోపల అడుగుపెట్టి అప్పుడు తిరిగింది. కొంగ కింది మెట్టు మీద ఆగింది.

"లోపలికి రానా?"

"వదిన పిల్లని పడుకోబెడుతోంది. ఇక్కడే చెప్పు."

కొంగ పై మెట్టెక్కి గుమ్మం పట్టుకుంది. "గీత దగ్గర నేను వంగాను. కావాలని కాదు, చిన్నప్పటి అలవాటు. నేనే ముందు దాటాను. ఫోటో మసకగా లేదు."

"తెలుసు."

"రైల్లో తెలిసిందా?"

"గీత దగ్గరే తెలిసింది. తాడు ముందుకు గుంజింది. రెండేళ్ళు నీ చేతికి కట్టుకుని పరిగెత్తాను, ఆ మాత్రం తెలియదా?"

"మరి వాళ్ళతో అంత గొడవ ఎందుకు పెట్టుకున్నావు?"

"నువ్వు లేదన్నావు కదా." మేస్త్రి కర్రను చిన్నగా మడిచి చంకలో పెట్టుకుంది. "లేదన్నాక నీ పక్కన నిలబడక ఎవరి పక్కన నిలబడతాను? ఆ గదిలోనే చెప్తావనుకున్నాను. బల్ల పట్టుకుని నిలబడ్డాను కదా, అప్పుడు. రైల్లో చెప్తావనుకున్నాను. మా అమ్మ నీకు టీ ఇచ్చినప్పుడన్నా చెప్తావనుకున్నాను."

"భయమేసింది."

"వేస్తుంది. అర అడుగు ముందు పడ్డావని నాకు కోపం లేదే. నువ్వు ఆ మాట అక్కడే అనుంటే కాసేపు ఏడ్చి, దార్లో నిన్ను నాలుగు తిట్టి, ఇంటికొచ్చేవాళ్ళం. వచ్చే ఏడు మళ్ళీ వెళ్ళేవాళ్ళం."

లోపల పసిపిల్ల ఏడుపు అందుకుంది. వదిన జోకొడుతోంది.

"ఇప్పుడన్నా వెళ్దాం" అంది కొంగ. "నేనే వెళ్ళి ఆ పెద్దాయన కాళ్ళు పట్టుకుంటాను. నీ పేరు తీసుకోమంటాను. రేపు పొద్దున్నుంచే మళ్ళీ మొదలెడదాం. మీ అమ్మకి కూడా నేనే చెప్తాను."

"అమ్మకి చెప్పు. నీకే మంచిది." మేస్త్రి చంకలో కర్రను సర్దుకుంది. "పరుగు మాత్రం కుదరదు."

"ఎందుకు కుదరదు?"

"నువ్వు ముందు గుంత ఉందంటావు. ఉందా లేదా అని నేను ఒక్క క్షణం ఆలోచిస్తాను. అలా ఆలోచించే మనిషి నడవగలదేమో గానీ పరిగెత్తలేదే."

అది కోపమైతే కొంగ దగ్గర దానికి బదులుండేది. మేస్త్రి గొంతులో కోపం ఎంత వెతికినా దొరకలేదు.

"రేపు పనికి వస్తావుగా?" అంది చివరికి.

"రాకపోతే ఎలా? దుప్పటి రెండో కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి." మేస్త్రి తలుపు రెక్క మీద చెయ్యి వేసింది. వేసి, ఆగింది. "నీ చెయ్యి గుమ్మం మీద ఉందా?"

"ఉంది."

"తీసుకో. వేళ్ళు నలుగుతాయి."

కొంగ చెయ్యి తీసుకుంది. తీసుకున్నట్టు చప్పుడు వినేదాకా ఆగి, మేస్త్రి తలుపు మెల్లగా వేసేసింది.